సిత్రా నీళ్లలో మా ఊరి దెబ్బ

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే తాయెత్తు కట్టించుకొస్తామని బయల్దేరేవాళ్లు. నేను అడ్డంపడి దవాఖానకు తీసుకుపోయేవాణ్ని. గాలి సోకింది, నీడ పడింది అన్నవాళ్లను నలుగురిలో నవ్వులపాలు చేసినవాణ్ని. అందుకే ఇది రాయడం నాకే నామోషీగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే సంగతి మీద మా ఊళ్లో వేరే కథ ఒకటి నడుస్తోంది. అందులో దయ్యం లేదు. నేనే ఉన్నాను.

మాది పోచంపాడు డ్యాం వెనక నీళ్ల ఒడ్డున ఊరు. చేపలు పట్టే ఇళ్లలో పుట్టినవాళ్లం. వానలు వెనకపట్టి, డ్యాం నిండి, బతుకమ్మ పండుగకు ముందు పొద్దునపూట నీళ్ల మీద మంచు లేచే రోజుల్లో మాకు వాలుగ పడుతుంది. పొలుసులేని, పొడుగాటి, నోటినిండా పళ్లున్న చేప అది. లోతు నీళ్లలో కదలకుండా పడుకుని ఉంటుంది. వల వేసి ఊరుకుంటే రాదు. పుట్టిలో కూర్చుని కట్టెతో నీళ్లు కొట్టి, దాన్ని లేపి, వల వైపు తరమాలి.

నీళ్లు కొట్టడానికి ఊరికో పద్ధతి ఉంది. మాది రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి మెల్లగా, తర్వాత కాసేపు ఆగడం. మంచులో పక్క పుట్టి కనబడదు. ఎవరు ఎక్కడున్నారో దెబ్బను బట్టే తెలుసుకోవాలి. మన ఊరి దెబ్బ వినబడితే మనం కూడా అదే కొట్టి జవాబివ్వాలి. లేకపోతే వలలు చిక్కుపడతాయి, పుట్టీలు గుద్దుకుంటాయి. పరాయి ఊరి దెబ్బైతే తప్పుకుని పోవాలి. చిన్నప్పటినుంచీ చేతికి పట్టిన అలవాటు ఇది, విన్నామంటే చెయ్యి దానంతటదే లేస్తుంది.

తొంభైల్లో నేను బహ్రెయిన్ పోయాను. మా ఊళ్లో దాన్ని కూడా దుబాయి అనే అంటారు. సిత్రాలో పెద్ద పెద్ద ఆయిల్ ట్యాంకుల వెనక మా కాంట్రాక్టరు క్యాంపు. రేకుల గదులు, ఒకదాని మీద ఒకటి మంచాలు, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే గాలి. పగలు కాంక్రీటు పని. ఫోర్‌మన్ నోరు తెరిస్తే తిట్టు తప్ప రాదు. ఆ సంవత్సరాల్లో చుట్టుపక్కల పల్లెల్లో గొడవలు కూడా ఉండేవి. సాయంత్రమైతే ఎక్కడో టైర్లు తగలబడేవి. మమ్మల్ని చూస్తే అక్కడివాళ్లకు చిరాకు, వాళ్లను చూస్తే మాకు భయం. ఆ దేశంలో నాకు నచ్చింది ఒక్కటీ లేదు, నేను నచ్చినవాడూ ఒక్కడూ లేడు.

రెండోసారి వెళ్లేటప్పుడు నా బామ్మర్ది సాయిలును వెంట తీసుకుపోయాను. నా భార్య గంగామణికి వాడొక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది. బస్సు ఎక్కేటప్పుడు ఆమె ఏడవలేదు. నా అంగీ పట్టుకుని ఒకటే మాట అంది.

“వాన్ని నీ చేతుల వెడుతున్న. మల్ల నీ చేతులతోనే తెచ్చి నాకియ్యాలె.”

సరే అన్నాను. నేను మాట ఇస్తే తప్పేవాణ్ని కాదు. అది ఊరందరికీ తెలుసు, అప్పటికైతే.

సాయిలు పని బాగా చేసేవాడు, కానీ ఎవరి మాటా పడేవాడు కాదు. ఏడాది తిరక్కముందే ఖల్లివల్లి అవుతానని మొదలుపెట్టాడు. అంటే కఫీల్‌ను, వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని, వదిలేసి, పాస్‌పోర్టు కూడా లేకుండా బయట దొంగచాటుగా పని చేసుకోవడం. దొరికితే జైలు, జబ్బుపడితే దిక్కులేదు. ఎంత చెప్పినా వినలేదు. ఒక గురువారం సాయంత్రం మెస్సులో అందరి ముందూ “నువ్వు నాకు బావవా, కఫీల్ కుక్కవా?” అన్నాడు. చెంప మీద ఒక్కటి కొట్టాను. గిన్నె ఎగిరి అవతల పడింది. ఇప్పటికీ ఆ దెబ్బ తప్పనుకోను. కానీ క్యాంపంతా చూసింది, అది గుర్తుంచుకోవాలి.

మర్నాడు శుక్రవారం, సెలవు. మా ఇద్దరికీ హద్రా పని ఉంది.

హద్రా అంటే ఏమిటో చెబుతాను. సముద్రం లోతులేని చోట, ఒడ్డునుంచి లోపలికి గుంజలు పాతి, వైరు జాలీ కడతారు. పైనుంచి చూస్తే బాణం మొనలా ఉంటుందట. నీళ్లు ఎక్కినప్పుడు చేపలు ఒడ్డుకొస్తాయి. నీళ్లు దిగేటప్పుడు జాలీ వెంబడి పోయి పోయి, చివరనున్న గది లాంటి దాంట్లో ఇరుక్కుంటాయి. అప్పుడు మనిషి నడుచుకుంటూ పోయి, ఆ గదికున్న చిన్న వైరు తలుపు తీసి లోపలికి దూరి, చేసంచి వలతో చేపలను తోడుకోవాలి. ఎక్కువగా సాఫీలు పడేవి. అరచేయంత చేప. వీపు మీద ముళ్లు గుచ్చుకున్నాయంటే మోచేతిదాకా మంట ఎక్కి, చెయ్యి పనికిరాకుండా పోతుంది. ఎండలు విరిగి, సెప్టెంబరు దాటుతుండగా అవి గుంపులు గుంపులుగా వచ్చేవి.

ఆ హద్రా ఒక సిత్రా ముసలాయనది. మేమంతా అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్లం. ఆయనకు మనుషులంటేనే గిట్టదు. శుక్రవారాల్లో ఆయనకు పని చేసేవాడు మా క్యాంపులోని అప్పన్న. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డువాడు. తను సెలవు మీద ఇంటికి పోతూ ఆ పని మాకు అప్పజెప్పాడు. వారానికోసారి మంచి చేపల కూర దొరుకుతుందని ఒప్పుకున్నాం. మమ్మల్ని వెక్కిరించకుండా ఒక్క పనీ చెయ్యడు అప్పన్న.

“డేంలో ఈతలు కొట్టినోలు, మీకు సముద్రం ఏటి తెలుసురా? అర్బాబ్ హారన్ కొట్టినాడంటే నీరు తిరిగినట్టు. సామానొగ్గీసి ఒడ్డుకొచ్చీయండి. ఆడ సేపల కోసం సూసినారో, మీరే సేపలకు కూరైపోతారు.”

నీళ్లు మాకు కొత్తా అని నవ్వి ఊరుకున్నాను. నాలుగైదు శుక్రవారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

ఆ శుక్రవారం పొద్దున సాయిలు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చెంప మీద నా వేళ్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అర్బాబ్ పికప్ ఒడ్డున ఆపి, మమ్మల్ని చూసి ఒడ్డునే ఉమ్మేసి, “యల్లా” అన్నాడు, పదండని. అదే ఆయన పలకరింపు.

సూర్యుడు లేచాడు కానీ కనబడడు. నీళ్ల మీద తెల్లటి ఆవిరి. అక్కడ ఎండాకాలం పోయే రోజుల్లో పొద్దునపూట అలా పడుతుంది. అంగీ ఒంటికి అంటుకుపోతుంది. పది అడుగుల అవతల మనిషి తెల్లగుడ్డ వెనక నిలబడ్డట్టు ఉంటాడు. అది రాత్రి కాదు, చీకటి కాదు, పట్టపగలు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, విన్నవాళ్లంతా మొదట “రాత్రిపూటా?” అనే అడుగుతారు.

జాలీ పట్టుకుని చివరి గదిదాకా నడిచాం. నీళ్లు పిక్కలదాకా ఉన్నాయి. సాయిలు వల, బుట్ట తీసుకుని గదిలోకి దూరాడు. చేపలు బయటకు పోకుండా నేను తలుపు దగ్గరికి లాగి వైరు కొక్కెం తగిలించాను. ఎప్పుడూ చేసేదే. తాడుతో కట్టలేదు. లోపల మనిషి ఉండగా తలుపు కట్టేవాడు ఎవడూ ఉండడు. నా తాడు నా నడుముకు చుట్టుకుని ఉంది, చేపల సంచీ మూతికి కట్టడానికి.

నిండిన బుట్ట ఒకటి జాలీ మీదుగా అందించాడు. నేను సంచీలో పోసుకున్నాను. లోపల చేపలు తన్నుకునే చప్పుడు కొంతసేపు వినబడింది. తర్వాత ఆగిపోయింది.

అప్పుడు విన్నాను. సముద్రం వైపునుంచి, దూరంగా, రెండు దెబ్బలు గట్టిగా, ఒకటి మెల్లగా.

మా ఊరి దెబ్బ. ఆ దేశం మొత్తంలో ఆ దెబ్బ తెలిసినవాళ్లం మేమిద్దరమే.

నేనేమనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. దయ్యం అనుకోలేదు. వీడు అలిగి, గది వెనక జాలీ ఎక్కడో తెగి ఉంటే ఆ సందులోంచి బయటపడి, సముద్రం లోపలికి పోయి, ఇప్పుడు దారి తెలియక కొడుతున్నాడనుకున్నాను. గది వైపు తిరిగి “సాయిలూ” అని పిలిచాను. జవాబు లేదు. అవతలి జాలీ కూడా కనబడనంత తెల్లగా ఉంది. మాట్లాడడని ముందే తెలుసు కాబట్టి రెండోసారి పిలవలేదు. కోపం నషాళానికెక్కింది. వాడికేమైనా అయితే గంగామణికి నేనేం ముఖం చూపించాలి?

అరచేత్తో నీళ్లను కొట్టి జవాబిచ్చాను. వెంటనే అటునుంచి దెబ్బ వచ్చింది. సంచీ జాలీకి తగిలించి అటు నడిచాను.

కొడుతూ, వింటూ నడిచాను. నేను ఎంత దూరం పోతే అది అంత దూరం జరిగేది. “ఏడున్నవ్ రా! ఒక్కతాన నిలబడు!” అని అరిచాను. మాట రాదు, దెబ్బ మాత్రం వస్తుంది. నీళ్లు పిక్కలనుంచి మోకాళ్లకు, మోకాళ్లనుంచి తొడలకు వచ్చాయి. నేను లోతుకు పోతున్నాననుకున్నాను. నీళ్లే నా మీదికి వస్తున్నాయని తట్టలేదు. డ్యాంలో పుట్టినవాడి బుర్ర అది. మాకు నీళ్లు దిగితే ఎండాకాలమంతా దిగే ఉంటాయి, ఆ నేలలో పంట కూడా వేసుకుంటాం. మళ్లీ ఎక్కాలంటే వానలు రావాలి. ఒక్క పూటలో వెనక్కి తిరిగి మనిషిని మింగే నీళ్లు మా లెక్కలో లేవు.

ఒకచోట ఎడమ అరికాలు ఏదో గవ్వ మీద పడి అడ్డంగా చీలింది. ఉప్పునీళ్లలో ఆ మంటకు నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పుడు నా వెనక, చాలా దూరంగా, పికప్ హారన్ వినబడింది. ఆగకుండా మోగుతోంది. ఎప్పటినుంచి మోగుతోందో తెలియదు. అప్పన్న మాట గుర్తొచ్చింది. నీళ్లు నడుముదాకా ఉన్నాయి. కాలికింద ఇసుకను నీళ్లు ఒడ్డువైపు లాగుతున్నాయి.

నేను జవాబివ్వడం ఆపేశాను. ఇది చెబితే ఎవరూ నమ్మరు, నేనైనా నమ్మేవాణ్ని కాదు. నేను ఆపేసరికి ఆ దెబ్బ మారింది. గట్టిది, మెల్లది అన్న తేడా పోయింది. ఎవడో కసి తీర్చుకుంటున్నట్టు నీళ్లను టపటపా కొట్టడం మొదలైంది. పశువును కొట్టే మనిషి చేతిలో ఉంటుందే, ఆ కోపం ఉంది అందులో. అది నా మీది కోపమని నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. భయమంటే ఏమిటో ఆ వయసులో, పట్టపగలు, నడుములోతు నీళ్లలో నిలబడి తెలుసుకున్నాను.

సాయిలును వదిలేసి పోతున్నానా అని ఒక్క క్షణం ఆగాను. వాడు అంత కోపంగా కొట్టగలడనీ అనుకున్నాను. కానీ కాళ్లు నిలవలేదు. హారన్ వైపు పడుతూ లేస్తూ పరుగెత్తాను. ఆవిరిలో దారి తప్పి తిరిగేసరికి నీళ్లు ఇంకా ఎక్కాయి. జాలీ నా రొమ్ముకు వచ్చి కొట్టుకుంది. దాన్ని పట్టుకుని గది చేరాను.

సాయిలు లోపలే ఉన్నాడు.

మెడదాకా నీళ్లు. రెండు చేతులతో జాలీ పట్టుకుని ఉన్నాడు. అరచేతులు సాఫీ ముళ్లు గుచ్చుకుని ఉబ్బిపోయాయి, వేళ్లు వైరుకు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. ఎక్కి దాటుదామంటే చేపలు దాటిపోకుండా పైన జాలీని లోపలికి వంచి పెట్టారు. వాడు మంచి ఈతగాడే, కానీ ఆ చేతులతో ఎంతసేపు తేలగలడు?

తలుపు కొక్కెం తీయబోయాను. కొక్కెం కింద తాడు కట్టి ఉంది.

నా వేళ్లు ఆ ముడిని వెతుక్కోకుండానే విప్పడం మొదలుపెట్టాయి. నేను ఎడమచేతివాటం మనిషిని. మా పుట్టి తాడు ముడి అందరూ ఒక వైపు తిప్పితే నేను ఇంకో వైపు తిప్పుతాను. నా ముడి విప్పలేక మా ఊళ్లో అందరూ నన్ను తిడతారు. అది అదే ముడి. నా చేతి ముడి.

సాయిలు నన్ను చూశాడు. చూసి అరిచాడు. కాపాడమని కాదు.

“వద్దు బావా! సంపకు! అక్కకు జెప్ప, ఎవ్వలికి జెప్ప. నీ కాల్మొక్త, సంపకు!”

తలుపు తెరిచి చెయ్యి అందించాను. వాడు ఈదుకుంటూ గదిలో అవతలి మూలకు పోయాడు. నేను లోపలికి పోతే నీళ్లలో మునిగాడు, నా చెయ్యి తగలకుండా. మింగిన నీళ్లతో దగ్గుతూ మళ్లీ లేచాడు. నేను దగ్గరికి పోయినకొద్దీ వాడు చచ్చేలా ఉన్నాడు. నేనే బయటికి వచ్చి నిలబడాల్సి వచ్చింది.

ఆ ముసలి అర్బాబ్, బట్టలతోనే, జాలీ పట్టుకుని వచ్చాడు. నన్ను పక్కకు తోసి లోపలికి దూరి, సాయిలు జబ్బ పట్టుకుని బయటకు లాగాడు. ఆయనతో మాత్రం వాడు చిన్నపిల్లాడిలా వచ్చాడు. ఒడ్డు చేరేదాకా ఆయన వెనక దాక్కునే నడిచాడు.

ఒడ్డున ముసలాయన నా గల్లా పట్టుకున్నాడు. వచ్చీరాని హిందీలో అడిగాడు. “మజ్నూన్, పిచ్చోడా! నేను హారన్ కొడుతూనే ఉన్నా. మధ్యలో తెరపి ఇచ్చినప్పుడు చూశా. తలుపు దగ్గర నిలబడి ఉన్నావు నువ్వు. తీయలేదెందుకు?”

నేను అక్కడ లేనన్నాను. సముద్రం లోపలికి పోయానన్నాను. చీలిన అరికాలు చూపించాను. ఆయన కాలు వైపు చూడలేదు. “హరామీ” అన్నాడు, “ఖలాస్, మళ్లీ రావద్దు” అన్నాడు. సాయిలును పికప్‌లో ఎక్కించుకుని పోయాడు. నేను నెత్తురు కారే కాలితో క్యాంపుదాకా నడిచాను.

సాయిలు నాకు ఏమీ చెప్పలేదు. క్యాంపులో మిగతావాళ్లకు చెప్పాడు. వాళ్ల ద్వారా నాకు తెలిసింది ఇది.

బుట్ట అందించాక కాసేపటికి బావ ఆవిరిలోంచి వచ్చాడట. ఒక్క మాట మాట్లాడలేదట. తలుపు తాడుతో కట్టాడట. కట్టి, అక్కడే నిలబడి, వాడి కళ్లలోకి చూస్తూ అరచేత్తో నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడట. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. వాలుగను తరిమినట్టు. నీళ్లు పెరుగుతుంటే వాడు బతిమాలాడట, ఏడ్చాడట, రాత్రి అన్న మాటకు క్షమించమన్నాడట. బావ కొడుతూనే ఉన్నాడట. చివర్లో పిచ్చిపట్టినట్టు రెండు చేతులతో కొట్టి, ఆవిరిలోకి పోయి, అటువైపునుంచే మళ్లీ వచ్చి, ఏమీ తెలియనట్టు తలుపు విప్పాడట.

నేను సముద్రంలో విన్న దెబ్బ, వాడు గదిలో చూసిన దెబ్బ ఒకటే. మొదలూ ఒకటే, చివరా ఒకటే. మరి నేను ఇంత దూరం నడిచి జవాబిచ్చింది ఎవరికి?

నా తాడు నా నడుముకే ఉంది. క్యాంపుకొచ్చాక కూడా ఉంది. తలుపుకు కట్టిన తాడు వేరేది. నా నడుముకున్నది విప్పి, సాయిలు మంచం దగ్గరికి పోయి చూపించాను. వాడు గోడ వైపు తిరిగాడు. తాడు ఎన్నైనా దొరుకుతాయి అన్నారు పక్కవాళ్లు. గురువారం కొట్టావు, శుక్రవారం కట్టావు అన్నారు. నేను వాళ్ల చోట ఉంటే నేనూ అదే అనేవాణ్ని, అందుకే వాళ్ల మీద ఇంకా ఒళ్లు మండింది.

అప్పన్న సెలవునుంచి వచ్చాక వాడికైనా చెబుదామని మొత్తం చెప్పాను. తల పట్టుకుని కూర్చుని విన్నాడు.

“నీటి మీంచి సప్పుడొస్తే పలకడమేటిరా? మా కాడ ఇంటాం గానీ, సచ్చినా పలకం.” గొంతు తగ్గించి అడిగాడు. “అది సరే గానీ, ఆ కుర్రోడ్ని ఎందుకు కట్టీసినావు?”

సాయిలు చేతులు మానగానే ఒకరోజు డ్యూటీకి పోయినవాడు పోయినట్టే పోయాడు. ఖల్లివల్లి అయ్యాడు. దేన్ని ఆపడానికి చెయ్యి చేసుకున్నానో అదే జరిగింది. మనామా పట్నంలో ఎక్కడో దాక్కుని పని చేశాడని, తర్వాత పోలీసులకు దొరికి, కొన్నాళ్లు లోపల ఉండి ఇంటికి పోయాడని తెలిసింది. నా చేతులతో తెచ్చి ఇస్తానన్నవాడు పోలీసుల చేతుల మీదుగా అక్క దగ్గరికి చేరాడు.

నేను ఇంటికొచ్చేసరికి గంగామణికి అంతా తెలుసు. ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, పిల్లలను పెంచింది. ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే, నేను అరిచి చెప్పుకునేవాణ్ని. ఆ అవకాశం ఆమె ఇవ్వలేదు. సాయిలు నేను ఇంట్లో లేని సమయం చూసుకుని వచ్చి అక్కను చూసి పోయేవాడు. దారిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. ఊళ్లో నా పుట్టిలో రెండో మనిషిగా ఎక్కేవాళ్లు తగ్గారు. కారణం ఎవరూ చెప్పరు, వేరే పని ఉందంటారు.

నాకు తోచిన కారణాలన్నీ నేనే వెతికాను. ఎండదెబ్బ అనుకున్నాను. ట్యాంకులనుంచి వచ్చే గ్యాసు ఇద్దరి బుర్రలూ తిప్పేసిందనుకున్నాను. ఆవిరిలో చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియదు, అది నిజమే. కానీ ముడికి ఏ గ్యాసు కారణం? ముసలాయన ఒడ్డున కూర్చుని చూసినదానికి ఏ ఎండదెబ్బ కారణం? కొన్నాళ్లు నా మీదే అనుమానపడ్డాను. నాకు తెలియకుండా నేనే చేశానేమో అని. అప్పుడు అరికాలి మచ్చ చూసుకుంటాను. ఆ గది చుట్టూ అంతా మెత్తటి ఇసుక, అలాంటి గవ్వలు లేవు.

పోయిన ఏడు, డ్యాం నిండిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం సాయిలు మా ఇంటికి వచ్చాడు. నేను ఇంట్లో ఉన్నానని తెలిసే వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతిలో మూరెడు పైన పొడుగున్న వాలుగ. అక్క ముందు పెట్టాడు. అరుగు మీద నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడాడు.

“బావా, ఇద్దరం ముసలోళ్లమైతున్నం. నేను మర్సిపోయిన. నువ్వు గూడ మర్సిపో. నా మనసుల ఏం లేదు.”

గంగామణి చేపను అలాగే పట్టుకుని నా వైపు చూసింది. ఆమె ముఖంలో నేను అంత ఆశ ఎప్పుడూ చూడలేదు. సరే అంటే చాలు. ఒక్క మాట. ఇల్లు ఇల్లయ్యేది.

కానీ సరే అంటే, తలుపు కట్టింది నేనే అని ఒప్పుకున్నట్టు. చెయ్యని పనికి క్షమించడానికి వీడెవడు? ఎన్నో ఏళ్లుగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. “నేను గాదని ఎన్నిసార్లు జెప్పాలె రా! లే! నా అరుగు దిగు!” అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. సాయిలు లేచాడు. అక్క వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని పోయాడు.

గంగామణి చేపను పెరట్లోకి తీసుకుపోయి కోయడానికి కూర్చుంది. నేను కూడా పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. తల ఎత్తకుండా అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె అడగడం అదే మొదటిసారి.

“నువ్వు గాకుంటే, మరెవరు?”

“నాకు తెల్వదు” అన్నాను.

చేసినవాడు కూడా అదే అంటాడు కదా అని ఆమె అనలేదు. కత్తి పక్కన పెట్టి, సగం కోసిన చేపను బుట్టలో వేసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుని, తమ్ముడి ఇంటికి పోయింది. ఇంకా అక్కడే ఉంది.